ఫ్లాస్కులో ఐసు, ఫారంలో టీము

ఇప్పుడు జట్టు కట్టాలంటే ముందు ఫారం నింపాలట. ఒక బయాలజీ మనిషి, ఒక డాక్టరు, ఒక కంప్యూటర్ మనిషి, ఒక కంపెనీ. నాలుగు సంతకాలూ పడితేనే క్యాన్సర్ పరిశోధన సీడ్ గ్రాంటుకి అర్హత. నా దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి, ఇప్పుడు తనే ప్రొఫెసరు, ఆ మధ్య ఫోన్ చేసి "సార్, అర్జెంటుగా ఒక డాక్టరు కావాలి, మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా?" అంది. పెళ్ళిసంబంధం అనుకున్నాను. కాదు, ప్రాజెక్టుకి కో-పీఐ, అంటే సహ పరిశోధకుడు, కావాలట. ఎల్లుండే ఆఖరు తేదీ.

"డాక్టరు దొరికితే ఏం చేస్తావమ్మా?"

"అది గ్రాంటొచ్చాక చూస్తాం సార్."

మా రోజుల్లో డాక్టరు ముందు, డబ్బు తర్వాత. చాలాసార్లు డబ్బు రానే రాదు, అది వేరే సంగతి.

ఎనభైల నాటి మాట. మా హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఆబిడ్స్‌లో, సరోజినీ నాయుడి గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై, తర్వాత గచ్చిబౌలికి వచ్చింది. అప్పుడక్కడ బండరాళ్ళు, సీతాఫలం పొదలు, బస్సు తప్పితే మళ్ళీ బస్సుకోసం పడిగాపులు. సైబర్ టవర్స్ లేచింది 1998లో కదా. ఆ రోజుల్లో ఊళ్ళో ఓ పెద్దాస్పత్రిలో ఒక సర్జనుగారు మాకు దొరికాడు. ఆపరేషన్ రోజున మా కుర్రాడు వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని థియేటరు బయట బల్ల మీద కూర్చునేవాడు. ఐసు గేటు ముందు చెరుకురసం బండివాడిచ్చేది. నర్సమ్మ చిన్న సీసాలో, సెలైన్లో, చిక్కుడుగింజంత గడ్డ ముక్క వేసి చేతిలో పెట్టేది. సీసాకి ల్యూకోప్లాస్టు అంటించి దానిమీద నంబరు పెన్సిలుతో రాయాలి. పెన్నుతో రాస్తే ఐసు తడికి మెహదీపట్నం దాటేలోగా చెరిగిపోతుంది. స్కూటరు ల్యాబు ముందు ఆగేసరికి మేం చేతులు కడుక్కుని సిద్ధంగా ఉండేవాళ్ళం, కణాలు మన టీ టైము చూసుకుని చావవు కనక.

అంత చేసినా కల్చర్లు పెరిగేవి కావు. మీడియం మార్చాం, సీరం మార్చాం, ఇన్‌క్యుబేటర్ని తిట్టాం. ఒక ఆదివారం సర్జనుగారే వచ్చి మా మైక్రోస్కోపులో తొంగిచూసి, "ఇదంతా గడ్డ నడిమధ్య భాగమయ్యా, రక్తం అందక ఎప్పుడో కుళ్ళింది. చచ్చినదాన్ని తెచ్చి పెంచుతామంటారేం? రేపట్నించి అంచు ముక్క ఇప్పిస్తాను" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి ఆయన ఏ ఫారంలోనూ సంతకం చేయలేదు. రోగి అనుమతి అడిగేవారా అంటారేమో. అప్పట్లో ఆ అలవాటు లేదు. ఆ ఒక్క విషయంలో ఈ రోజులే నయం, ఎథిక్స్ కమిటీ మీద నేను సణగను.

ఇంటర్‌డిసిప్లినరీ అనేది నిన్ననే పుట్టినట్టు మాట్లాడతారు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేసిందేమిటి? ఆయన అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనల డైరెక్టరు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ఆస్పత్రిలో పాథాలజిస్టు. ఫోలిక్ ఆమ్లం రకాలిస్తే పిల్లల్లో రక్త క్యాన్సర్ ఇంకా జోరందుకున్నట్టు ఫార్బర్‌కి కనిపించింది. అయితే దాన్ని అడ్డుకునే మందు పంపండి అన్నాడు. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. 1948లో ఫార్బర్ రాసిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, కొంతకాలానికే అయినా. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. ఒకరికి అవసరం, ఇంకొకరి దగ్గర సరుకు. మధ్యన ఉత్తరాలు.

డబ్బు లేదనను. గచ్చిబౌలి విశ్వవిద్యాలయానికి 2019లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా వచ్చింది, అలాంటి ప్రభుత్వ సంస్థలకి ఐదేళ్ళలో వెయ్యి కోట్ల దాకా అన్నారు. కంపెనీ పెడతానంటే కేంద్ర బయోటెక్ సంస్థ బైరాక్ వాళ్ళ బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా. రాయదుర్గంలో స్టార్టప్‌ల టీ-హబ్ కొత్త భవనం 2022లో తెరిచారు, అద్దాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. సరుకు తయారయ్యాక అమ్ముకోవడానికి సీడ్ డబ్బు బోలెడు. అసలు సరుకేమిటో తెలియని దశలో, ఇద్దరు కూర్చుని బుర్ర గోక్కోవడానికి కావలసిన నాలుగు డబ్బులకే ఎక్కడలేని పత్రాలు. ఇచ్చే చేత్తోనే పుచ్చుకోవడం ఒకటి. పరిశోధనా సంస్థలు కొనే పరికరాల మీద జీఎస్టీ 5 శాతమే ఉండే రాయితీని 2022 జులైలో ఎత్తేశారు. చాలావాటికి 18 అయింది. గ్రాంటు మీదే పన్నంటూ నోటీసులు కూడా వెళ్ళాయి. 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి మినహాయింపు ఇవ్వబట్టి సరిపోయింది.

ఐటీ వాళ్ళ మీద నాకు కోపమేం లేదు. ట్రిపుల్ ఐటీ పిల్లలు నిమ్స్ పాథాలజీ వాళ్ళతో కలిసి మెదడు గడ్డల స్లైడ్లను స్కాన్ చేసి, ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. మన రోగుల గడ్డలు మన యంత్రానికి చూపించాలన్న బుద్ధి పుట్టింది, సంతోషం. అయితే స్లైడు మీద ఇది ఫలానా రకమని చెప్పేది పాథాలజిస్టు కన్ను. ఆ కన్ను ఉండేది పంజాగుట్ట నిమ్స్‌లో. క్యాన్సర్ ఆస్పత్రులు చూస్తే ఎమ్‌ఎన్‌జే రెడ్‌హిల్స్‌లో, బసవతారకం బంజారాహిల్స్‌లో. సీసీఎంబీ ల్యాబులు ఉప్పల్ వైపు. కంప్యూటర్లు గచ్చిబౌలిలో. మధ్యన బయోడైవర్సిటీ సిగ్నల్. జూమ్ మీటింగులో గడ్డ ముక్క రాదు కదా.

ఫోన్ చేసిన అమ్మాయికి ఇదే చెప్పాను. "ఆఖరు తేదీ పోనీ. నీ స్టూడెంటుని రెండు నెలలు పాథాలజిస్టు పక్కన స్టూలేసి కూర్చోబెట్టు. వాళ్ళ కుర్ర డాక్టర్ని నీ ల్యాబుకి రమ్మను. వచ్చేసారి రాయి." విన్నది, గురుభక్తి కాబోలు. మలివిడతకి డాక్టరూ దొరికాడు, ప్రశ్నా దొరికింది. గడ్డ ముక్కలు తేవడానికి వ్యాను ఖర్చు వేయబోతే బడ్జెట్లో దానికి హెడ్ లేదంది. కంటింజెన్సీలో పెట్టమన్నాను.

పోయిన వారం గ్రాంటు కమిటీ నుంచి ఒకే ఒక సందేహం వచ్చింది. పన్నెండు పేజీల సైన్సు మీద కాదు. "వాహనం ఆవశ్యకతను వివరించండి" అని. ఆ వివరణ రాసిపెట్టే పని అమ్మాయి నాకు అప్పజెప్పింది. మెహదీపట్నం ట్రాఫిక్ దగ్గర మొదలుపెట్టాను, రెండో పేజీలో ఉన్నాను.