నా ఎరుపు నాది కాదు

నేను మోటో గుజ్జీ వీ7 స్పోర్ట్ బండి ఫ్రేమ్‌ని. 1973లో ఇటలీలో, కోమో సరస్సు ఒడ్డునున్న మాండెల్లో దెల్ లారియోలో పుట్టాను. పుట్టినప్పుడు నలుపు, ఇప్పుడు ఎరుపు. ఈ రంగు ఎలా వచ్చిందో చెప్పే ముందు మా పుట్టుక సంగతి చెప్పాలి.

మాకు ముందున్న వీ7లు ఎత్తుగా, బరువుగా ఉండేవి. పోలీసులకు, దూరాలు తిరిగేవాళ్లకు అవి బాగానే పనికొచ్చాయి. ఆ ఎత్తుకు కారణం ఒక డైనమో. రెండు సిలిండర్ల నడిమి జాగాలో, ఇంజను నెత్తిన అది తిష్ట వేసేది. దాని మీదుగా పోవాలి కాబట్టి ఫ్రేమ్ పై పైపు అంత ఎత్తున ఉండక తప్పలేదు. ఇంజనీరు లీనో తోంతి వచ్చి ఆ డైనమోను పీకేశాడు. బదులుగా క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసకు ఆల్టర్నేటర్ తగిలించాడు. సిలిండర్ల మధ్య ఖాళీ దొరికింది. నా వెన్ను పైపులు ఆ ఖాళీలోకి దిగాయి, బండి నేలకు దగ్గరైంది. నా పైపులు దాదాపు అన్నీ తిన్ననివే. ఇంజను కింది రెండు పైపులు మాత్రం బోల్టులతో బిగించినవి. అవి విప్పితే ఇంజను బయటికొచ్చేస్తుంది. ఆ ఏర్పాటు చేసినందుకు మెకానిక్కులు తోంతికి రోజూ దణ్ణం పెట్టుకోవాలి. 750 సీసీ తరగతి పోటీల్లో దిగాలని ఇంజనును కూడా 757 నుంచి 748 సీసీకి తగ్గించారు.

1971లో వచ్చిన తొలి బండ్లను పోటీ బండ్ల విభాగంలోనే కట్టారు. వాటి ఫ్రేములు క్రోమ్ మాలిబ్డినం ఉక్కువి, ఎర్ర రంగు వేసినవి. ట్యాంకు నిమ్మకాయ ఆకుపచ్చ. వాటినే ‘తెలాయో రోస్సో’, అంటే ఎర్ర ఫ్రేము, అంటారు. అవి సుమారు 150 అని కొందరు, 200 దాకా ఉంటాయని కొందరు వాదించుకుంటారు. ఏదైనా కొద్దే. ఆ తర్వాత మాలాంటి మామూలు వాళ్లం వచ్చాం.

ఆ కొద్ది సంఖ్యే నా కొంప ముంచింది. ఒక వ్యాపారి నన్ను కొని, విప్పి, ఇసుకతో రుద్ది, ఎర్ర రంగు కొట్టించాడు. అప్పటి నుంచి పెళ్లికి అరువు నగలు పెట్టుకొచ్చిన మనిషిలా బతుకుతున్నాను. చూడవచ్చిన వాళ్లు ఎరుపు చూసి గుటకలు మింగేవారు. నా వెల్డింగును తడిమిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. చివరికి ఒక ముసలి మెకానిక్కు వచ్చాడు. రంగు వంక కన్నెత్తి చూడలేదు. హ్యాండిల్ మెడ దగ్గర వంగి ఛాసిస్ నంబరు చదివాడు. వీకే అని మొదలైంది. నేను వీ7 స్పోర్ట్‌నే, అందులో అబద్ధం లేదు. తర్వాతి అంకెలు మాత్రం మొదటి వరసవి కావు. ఆయన నవ్వి, వ్యాపారి వైపు తిరిగి, “నల్ల బండి ధర చెప్పు” అన్నాడు.

నా తమ్ముళ్లను గుర్తుపట్టడం ఇంకో తంటా. ఎముకలు అవే కదా! ముందు చక్రానికి పెద్ద డ్రమ్ బ్రేకు, హ్యాండిళ్లు ఎత్తు మార్చుకునేలా ఉంటే నా ఈడు వాళ్లు. ముందు రెండు డిస్కులతో 1974లో వచ్చినవాడు 750 ఎస్. 1976 నాటి 850 లె మాన్స్ నంబరు వీఈ అని మొదలవుతుంది. తోంతి గీసిన ఈ ఎముకల గూడు కాలిఫోర్నియా అనే మోడల్ బండ్లలో 2010 దశకం దాకా నడిచింది. ఒక ఫ్రేముకు ఇంత ఆయుష్షు అరుదు. పోటీల కోసం పుట్టినదానికి మరీ అరుదు.

అయినా జనం అడిగేది రంగే. ఎవరైనా మీకు ఎర్ర ఫ్రేము బండి చూపిస్తే, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ రాసుకుని, తెలిసినవాళ్లకు చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి. ఆ బండి నేనే కావచ్చు.