బొంగులో పుట్టినరోజు

నేను పుట్టింది 1974 నవంబరు 2, శనివారం. నాకు యాభై నిండింది 2024 నవంబరు 2, అదీ శనివారమే. శుక్రవారం సాయంత్రం రైలెక్కితే సోమవారం పొద్దున్నకు ఇంట్లో పడొచ్చని లెక్క వేసి, జులై మొదటివారంలోనే విశాఖకు టిక్కెట్లు తీశాను. అప్పట్లో రిజర్వేషను 120 రోజుల ముందు తెరిచేవాళ్లు. ఒక భోజనం కోసం 120 రోజుల ముందే ఆకలేసినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

శనివారం సముద్రం పక్కన కూర్చుని చేపలు, ఆదివారం అరకు వెళ్లి బొంగులో చికెన్. ఇదీ పథకం. కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైను, బొర్రా గుహలు కూడా చూద్దామని పిల్లాడికి చెప్పాను కానీ, నా మనసులో అవన్నీ తిన్నది అరగడానికి మధ్యమధ్యన పెట్టుకున్న ఏర్పాట్లు.

మా ఇంట్లో శనివారం వెంకటేశ్వరస్వామిదని నాకు తెలియక కాదు. యాభయ్యో పుట్టినరోజుకు స్వామి ఒక్కపూట చూసీచూడనట్టు పోతాడని ఆగస్టులోనే మా ఆవిడ దగ్గర ప్రతిపాదన పెట్టాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "మీ ఇష్టం" అంది. పెళ్లయి ఇరవై నాలుగేళ్లయినా ఈ రెండు మాటల వ్యాకరణం నాకు పట్టుబడలేదు. "మీ" దగ్గర కాస్త సాగితే ఒక అర్థం, "ఇష్టం" దగ్గర పుటుక్కున తెగితే ఇంకో అర్థం. ఆ రోజు చిక్కుడుకాయ తెగిన చప్పుడులో సరిగ్గా వినబడలేదు. అనుమతే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బ్యాగులు సర్దుతుంటే వంటింట్లోంచి కేలండరు కాగితం తిప్పిన చప్పుడైంది. ఆ వెంటనే ఆవిడ గొంతు.

"ఏవండీ, రేపట్నుంచి కార్తీకం."

దీపావళి 31నే అయిపోయింది. శుక్రవారం సాయంత్రం దాకా అమావాస్య మిగుళ్లు. శనివారం సూర్యోదయానికి కార్తీక శుద్ధ పాడ్యమి. రైలు బయల్దేరే టైము, చేరే టైము, అరకు రోడ్డులో మలుపులతో సహా అన్నీ చూసుకున్నవాణ్ని, గోడకు వేలాడుతున్న పంచాంగం చూసుకోలేదు. శనివారం ఒక్కటే అయితే ఒక్క దేవుణ్ని బతిమాలుకుంటే సరిపోయేది. ఇప్పుడు వెంకన్నకు శివుడు తోడయ్యాడు. హరిహరులు ఇద్దరూ కలిసి నా కంచం మీద పడ్డారు.

"మరి చేపలు?" అన్నాను.

"మీ ఇష్టం" అంది. ఈసారి స్పష్టంగా వినబడింది.

సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఈ బండి మొదటిసారి పట్టాలెక్కింది 1974 ఫిబ్రవరి 1న. అంటే నాకంటే తొమ్మిది నెలలు పెద్ద. ఇన్నేళ్లుగా రోజూ రాత్రి గోదావరి దాటి, సాయంత్రానికి మళ్లీ వెనక్కి సిద్ధమయ్యే దాన్ని చూస్తే, మెట్లెక్కితే ఆయాసపడే నాకు కాస్త సిగ్గేసింది. కాజీపేట దాటాక ఎగ్ బిర్యానీ అరుపు వినబడింది. మాసం మారేది రేపు సూర్యోదయానికి, కనుక ఈ రాత్రి ఇంకా ఆశ్వయుజమేనని నేను వకీలులా వాదించాను. "శుక్రవారం కదండీ" అని ఒక్కటే మాట అని, తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తీసింది ఆవిడ. నేను ఎగ్ బిర్యానీ కొన్నాను. అల్యూమినియం పొట్లం విప్పితే గుడ్డు కనబడలేదు. చెంచాతో తవ్వుకుంటూ వెళితే అడుగున మూలకు నక్కి ఉంది. కోస్తే పచ్చసొన చుట్టూ నాచు రంగు వలయం. ఆశ్వయుజ మాసం నుంచి నాకు దక్కిన ఆఖరి మాంసకృత్తు అది. సగం తిన్నాక పులిహోర అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా పెట్టింది. అనకపోవడమే ఎక్కువ ఘాటుగా ఉంది.

విశాఖలో పొద్దున టిఫిన్ గురించి ఫిర్యాదులేమీ లేవు, అందుకే దాని గురించి చెప్పడానికీ ఏమీ లేదు. గోడల మీద దేవుళ్ల పటాలున్న చిన్న హోటలు, ఉప్మా పెసరట్టు, ముక్కులోంచి పొగ తెప్పించే అల్లప్పచ్చడి. బిల్లు చేతిలో పెట్టలేదు, నోటితో చెప్పారు. ఆ రెండు రోజుల్లో కడుపునిండా తిన్నది అక్కడే. అది పుట్టినరోజు విందు కింద లెక్కకు రాదు గనుక ఎవరూ ఫొటో తియ్యలేదు.

అసలు విందు రాత్రికి. విశాఖలో ఉండే మా బావమరిది, సముద్రం కనబడే పెద్ద హోటల్లో టేబులు బుక్ చేశాడు. లోపల వెలుతురు ఎంత తక్కువంటే, పక్కన కూర్చున్నది మా ఆవిడేనని గాజుల చప్పుడుతో పోల్చుకున్నాను. నల్లకోటు వేసుకున్న కేప్టెన్ వచ్చి వంగి, "బాటిల్ వాటరా సార్, రెగ్యులర్ వాటరా?" అని అడిగాడు. ఇది మంచినీళ్ల గురించిన ప్రశ్న కాదు, వంశం గురించిన ప్రశ్న. బావమరిది కుటుంబం ఎదురుగా కూర్చుని ఉండగా "రెగ్యులర్" అన్న మగాణ్ని నేనింతవరకు చూడలేదు. టకటకా నాలుగు సీసాల మూతలు ఊడాయి.

మెనూ పుస్తకం మా ఆఫీసు సర్వీసు రిజిస్టరంత ఉంది. అందులో వంకాయ కూర పక్కన అది ఏ కొండవాలున పుట్టిందో, ఎంతసేపు పొగబెట్టారో నాలుగు లైన్ల వర్ణన. మా అమ్మ గుత్తివంకాయకు ఎవరూ నాలుగు లైన్లు రాయలేదు, అందుకే ఉచితంగా పెట్టేది. ఇంతలో ఒక కుర్రాడు వెడల్పాటి పళ్లెం తెచ్చి మా ముందు పెట్టాడు. ఐసు మీద వంజరం, చందువా, చెయ్యంత పొడుగు రొయ్యలు. "ఇవాళ్టి ఫ్రెష్ క్యాచ్ సార్. ఏది కావాలో చూపిస్తే చాలు." చందువా నావైపే చూస్తోంది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ సముద్రం వైపు చూస్తోంది.

"పనీర్ బటర్ మసాలా" అన్నాను.

కేప్టెన్ మొహంలో ఒక్క క్షణం మర్యాద తప్పింది. బావమరిదిని చూశాను. అతను "వెజ్ మంచూరియా" అన్నాడు. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "అక్క ఉంది కదా బావా" అని గొంతు తగ్గించాడు. నలభై అయిదేళ్ల మనిషి. ఈ మంచూరియా 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన చేతుల్లో పుట్టిందని చెబుతారు. అంటే నాకంటే ఏడాది చిన్నది. మంచూరియాలో దొరకదు, శాకాహారులకు చైనా, చైనా వాళ్లకు ఇండియా. నా ఈడు వాళ్లందరి బతుకూ ఇలాగే ఉంది.

మా వాడికి మాత్రం కార్తీకం వర్తించదు. "పెరిగే పిల్లాడు, వాణ్ని తిననివ్వండి" అని మా ఆవిడే చెప్పింది. వాడికి ఇరవయ్యేళ్లు, ఆరడుగులు. ఇంకా ఎక్కడికి పెరుగుతాడో నాకు తెలియదు. ఐసు మీదున్న ఆ చందువా ఇరవై నిమిషాల్లో కరివేపాకు, చీరిన పచ్చిమిరపకాయలు కప్పుకుని వాడి ముందుకొచ్చింది. వాడు వేలితో తోక దగ్గర నొక్కి, పై పొరను దుప్పటి తీసినట్టు తీశాడు. లోపల తెల్లగా, ఆవిర్లు. నడి ముల్లును కొసన పట్టుకుని ఒక్క లాగున పైకెత్తాడు. దువ్వెనలా వచ్చేసింది, దానికి పిసరంత కండ కూడా అంటుకోలేదు. ఈ విద్య నేనే నేర్పాను. నా కంచంలో పనీరు ముక్కలు ఎర్రటి రసంలో సబ్బు బిళ్లల్లా తేలుతున్నాయి.

ఉన్నట్టుండి ఉన్న కాస్త వెలుతురూ పోయింది. కరెంటు పోయిందనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. కాదు. ఎనిమిదిమంది కుర్రాళ్లు స్టీలు పళ్లేలు చెంచాలతో వాయించుకుంటూ, కేకు మోసుకుంటూ, నా పేరు తప్పు పలుకుతూ వచ్చారు. పక్క టేబుళ్ల వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇలాంటప్పుడు మనిషి మొహం ఎలా పెట్టుకోవాలో ఎవరూ చెప్పరు. నవ్వితే వెకిలిగా, నవ్వకపోతే కోపంగా ఉంటుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో అసలే తెలియదు. కేకు మీద అంకెల కొవ్వొత్తులు నేను కూర్చున్న వైపునుంచి 05 అని కనబడ్డాయి. అదే నిజమనిపించింది. అయిదేళ్ల వాడిలాగే నోరు మూసుకుని, ఎవరేం పెడితే అది తింటూ కూర్చున్నాను. కేకు కూడా ఎగ్‌లెస్సే. ఆ జాగ్రత్త ఎవరు తీసుకున్నారో అడగక్కర్లేదు.

ఇక బిల్లు. తోలు అట్టలో పెట్టి, అది ప్రసాదమైనట్టు రెండు చేతులతో అందించారు. మామూలు హోటల్లో తిండి మీద జీఎస్టీ 5 శాతం. కానీ గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్లో అయితే 18 శాతం. ఆ గదుల తలుపైనా మేము చూడలేదు. పనీరు తిన్నందుకు పరుపుల పన్ను కట్టాం. కింద సర్వీసు ఛార్జి అని ఇంకో లైను. అది బలవంతంగా వెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. హోటళ్లవాళ్లు కోర్టుకెళ్లారు. అదే సరైనదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో తేల్చింది. తీర్పు నా పుట్టినరోజుకు అయిదు నెలలు ఆలస్యమైంది. ఆ రాత్రి ఆ లైను తీసేయమని అడుగుదామనుకున్నాను కానీ, బాటిల్ వాటర్ అన్న నోటితో ఆ మాట రాలేదు.

బావమరిది లేచి "బావా, మీరాగండి, ఇది నాది" అన్నాడు. "నువ్వుండవోయ్" అన్నాను. పెనుగులాట మొదలైంది. అతను నా కుడిచెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, కదలనివ్వలేదు. కార్డు నా ఎడమచేతిలో ఉందని అతనికి తెలుసు.

వెళ్తుంటే కేప్టెన్ నా ఫోన్ నంబరు అడిగాడు. ఎందుకంటే, "మీ అభిప్రాయం చాలా ముఖ్యం సార్" అన్నాడు. ఆ రోజంతా ఆ మాట నాతో అన్నది అతనొక్కడే. నంబరిచ్చేశాను.

ఆదివారం పొద్దున్నే రెండు కుటుంబాలూ ఒకే బండిలో అరకు బయల్దేరాం. ఘాట్ రోడ్డెక్కాక మిరియాల తీగలు పాకిన చెట్లు, కాఫీ తోటలు. తోటల వాసన ముక్కుకు ఎక్కేలోపే ఇంకో వాసన వచ్చి దాన్ని పక్కకు తోసేసింది. రోడ్డుపక్కన వరసగా నిప్పులు, నిప్పుల మీద వరసగా వెదురు బొంగులు. అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం పట్టించిన కోడిముక్కలు పచ్చి బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, అటూ ఇటూ తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె పొయ్యరు. పచ్చివెదురులో ఉన్న నీరే ముక్కను ఉడికిస్తుంది. పచ్చగా ఉన్న బొంగు నల్లబడ్డాక కత్తితో చీలుస్తారు. సరిగ్గా అప్పుడే మా బండి ఆగింది. నా కళ్లెదురుగా ఒక బొంగు ఫట్‌మని రెండుగా విడింది. దొప్పలాంటి సగంలో ముక్కలు పొగలు కక్కుతూ జారాయి.

దిగి, దుకాణం నడుపుతున్నావిడను అడిగాను. "అమ్మా, వెజ్ ఏమన్నా ఉందా?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "కోడి లేకుండా ఉత్త బొంగేటి బాబూ!" అంది. చుట్టుపక్కల దుకాణాలన్నీ నవ్వాయి. మా ఆవిడ కూడా నవ్వింది, అదీ గట్టిగా. మా వాడు అరకిలో కొన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి అరకులో ఒక హోటల్లో కూర్చున్నాం. అప్పుడు బయటపడింది, ఆ రోజు కార్తీక శుద్ధ విదియ అని. భగినీ హస్త భోజనం. యముడంతటివాడు పనులు మానుకుని చెల్లెలు యమున ఇంటికెళ్లి భోంచేసిన రోజు. ఆ పూట అక్కాచెల్లెళ్ల చేతివంట తిన్న మగాడికి ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. మా ఆవిడ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుంది. సర్వరు పప్పు గరిటెతో వస్తే ఆ గరిటె తీసేసుకుంది. "వంట ఎవరిదైతేనేం, చెయ్యి నాది కదా" అని తనే వడ్డించింది. పప్పు, బంగాళాదుంప వేపుడు, రెండోసారి మళ్లీ పప్పు. సర్వరు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అక్కడ బిల్లులో సర్వీసు ఛార్జి లేకపోవడం ఎంతో న్యాయంగా అనిపించింది. వడ్డించింది అక్క, ఆయుష్షు తమ్ముడికి, బిల్లు బావకి. మణికట్టు పట్టుకునే లాంఛనం కూడా ఈసారి జరగలేదు.

అంతలో హైదరాబాద్ నుంచి మా చెల్లెలు ఫోను. "అన్నయ్యా, పొద్దుట్నుంచి ఎదురుచూస్తున్నా. నీకోసం గారెలు చేశాను. ఎక్కడున్నావు?"

అరకులో ఉన్నానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే, నీ ఇష్టం" అంది. ఆడపిల్లలకు ఇది ఏ వయసులో ఎవరు నేర్పుతారో నాకు అంతుపట్టదు.

సోమవారం పొద్దున ఇంటికి చేరాం. రైల్లో నిద్ర లేదు, కడుపులో ఏమీ లేదు. స్నానం చేసొచ్చి, "ఇంత ముద్దపప్పూ ఆవకాయా పెట్టు, చాలు" అన్నాను. యాభై ఏళ్లు నిండినవాడి నిజమైన కోరిక అదొక్కటేనని అప్పటికి నాకూ తెలిసొచ్చింది.

"అయ్యో, ఇవాళ మొదటి కార్తీక సోమవారం కదండీ. నేను పొయ్యి వెలిగించలేదు. రాత్రి చుక్క చూశాకే భోజనం" అంది. నేను నోరు తెరిచేలోగా ఆవిడే, "మీరు కావాలంటే బయట తినేయండి. మీ ఇష్టం" అంది.

సాయంత్రం ఆరున్నరకు మేడ మీద నిలబడి ఉన్నాను. హైదరాబాద్ ఆకాశం నిండా దుమ్ము, పక్క అపార్టుమెంటు ఫ్లడ్ లైట్ల వెలుగు. ఒక మిణుకు కనబడిందని ఆశగా చూస్తే శంషాబాద్ వైపు దిగుతున్న విమానం. అంతలో జేబులో ఫోను టింగుమంది. విశాఖలో నంబరు తీసుకున్న హోటలు. మీ పుట్టినరోజు విందుకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడుగుతున్నారు.

ఇక్కడ ఒక్కటి దొరికితే చాలునని నేను తూర్పుకి తిరిగి వెతుకుతున్నాను.