చిత్రగుప్తుల వారూ, ఎండకో పద్దు!

యమలోక లెక్కల శాఖాధిపతులు, మహారాజశ్రీ చిత్రగుప్తుల వారి సముఖానికి, జర్మనీలోని డ్యూస్‌బుర్గ్ నుంచి ఓ తెలుగు ప్రవాసి నమస్కరించి రాసుకునే అర్జీ.

అయ్యా, తమ చిట్టాలో తప్పుందనే సాహసం చేయను. కానీ ఇక్కడి మరణపత్రాల్లో గుండె ఉంటుంది, ఊపిరితిత్తులుంటాయి, మూత్రపిండాలుంటాయి. ఎండ పేరు మాత్రం అరుదు. అందుకని క్షయ క్రిమిని పట్టిన రాబర్ట్ కోచ్ పేరిట ఉన్న సంస్థవాళ్లు ఈ దొంగను తీసివేత లెక్కతో పడుతున్నారు: ఆ వారం మామూలుగా ఎంతమంది పోవాలి, నిజానికి ఎంతమంది పోయారు? 2018 వేసవికి అలా తేలినవి దాదాపు 8,700 ప్రాణాలు. 2022కి 4,500.

పగలూ రాత్రీ కలిపి వారం సగటు 20 డిగ్రీలు దాటితే చాలట, చావులు పెరగడానికి. ఫోన్లో ఈ మాట చెబితే రెంటచింతల బావ పగలబడి నవ్వాడు: "ఇరవైకి మేం స్వెట్టర్లు బయటికి తీస్తాంరా!" నవ్వడా మరి! కానీ ఇక్కడి ఇళ్లు చలిని ఆపడానికి కట్టినవి. ఏసీలు తక్కువ. లోపల చేరిన వేడి తెల్లవారినా కదలదు. 2019 జూలై 25న మా ఊరి బేర్ల్ పేటలో 41.2 డిగ్రీలు నమోదై దేశానికే రికార్డయింది.

మా పైవాటాలో, సరిగ్గా కప్పు కింద, ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఓ ఎండపూట మజ్జిగ పట్టుకెళ్లాను. షట్టర్లు దించేసి, చీకట్లో, కాళ్లు చన్నీళ్ల బకెట్లో పెట్టుకుని కూర్చుంది. ఉప్పు మజ్జిగకు మొహం చిట్లించింది గానీ గ్లాసు ఖాళీ చేసింది.

ఎండకు తోడుదొంగ ఒకడున్నాడు. బండ్ల పొగ మీద ఎండ పడితే ఓజోన్ పుడుతుంది. రెండూ ఒకే మధ్యాహ్నం ఒకే ఊపిరితిత్తుల మీద పడితే ఎవరి ఖాతాలో రాస్తారు? 1985 జనవరిలో ఈ రూర్ ప్రాంతాన్ని పొగమంచు కమ్మితే ప్రైవేటు కార్లన్నీ ఆపించారు. అది కంటికి కనబడింది కాబట్టి సరిపోయింది; ఈ తోడుదొంగ కనబడడు.

"ఎలాగూ పోయేవాళ్లే, నాలుగు రోజులు ముందు పోయారు" అనేవాళ్లూ ఉన్నారు. కొందరి విషయంలో నిజమే కావచ్చు. నాలుగు రోజులా, నాలుగేళ్లా? నుదుట రాసింది బ్రహ్మే అయినా లెడ్జరు తమ దగ్గరే ఉంది కదా!

కాబట్టి తమ చిట్టాలో ఎండకో గడి, గాలికో గడి గీయించి, మిగిలిన ఆయుష్షుతో సహా నకలు వచ్చే జూన్‌లోగా పంపించగలరు. పైవాటా ఆవిడ పేజీ అక్కర్లేదు. ఆ ఖాతా ఇంకా నడుస్తోంది.

ఇట్లు,
తమ విధేయుడు