వాన ఏ మాచవరంలో?

వాన సంగతి చూద్దామని ఫోన్లో మాచవరం అని కొడితే ముందు బెజవాడ మాచవరం వస్తుంది. ఎస్సారార్ కాలేజీ ఉన్న పేట. అక్కడ మిరపకాయ అన్నది బజ్జీల బండి మీద తప్ప కనపడదు. ఇంకాస్త కిందికి జరిపితే అంబాజీపేట దగ్గరి మాచవరం, కోనసీమ కొబ్బరిచెట్ల నీడన. పిడుగురాళ్ల పక్కన మిరపా పత్తీ వేసుకుని బతికే మా పల్నాటి మాచవరం దొరకాలంటే వేలు బాగా అరగాలి. మా బాబాయికి అంత ఓపిక లేదు. మొదట వచ్చినదాన్నే నొక్కాడు. ఆనాటి నుంచి ఆయన వాతావరణ మార్పును తట్టుకుంటూనే ఉన్నాడు, కాకపోతే బెజవాడ వాతావరణ మార్పును.

సెట్టింగు మార్చుకుంటే సరిపోతుందంటారు. సరే, మార్చుకుందాం. ఆ తర్వాత?

"వాతావరణ మార్పును ఎదుర్కొనే రైతుకు డిజిటల్ అండ" అన్న బ్యానరు లేని వ్యవసాయ సదస్సు ఈమధ్య నేను చూడలేదు. బ్యానరు మీద రైతు ఒక చేత్తో ఫోను పట్టుకుని నవ్వుతుంటాడు. రెండో చెయ్యి ఫొటోలో పడదు. అందులో పురుగుమందుల షాపు ఖాతా పుస్తకం ఉంటుంది.

ఈ కథ మన రాష్ట్రంలోనే ఘనంగా మొదలైంది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు మైక్రోసాఫ్టూ ఇక్రిశాటూ కలిసి ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్సెమ్మెస్ పంపాయి. ఏళ్లతరబడి వర్షపాతం లెక్కలు కంప్యూటరులో పోసి చిలికితే తేలిన వెన్న ఏమిటయ్యా అంటే, తొందరపడకు, జూన్ ఆఖరి వారం దాకా ఆగు అని. గోడ మీది పంచాంగం క్యాలెండరు చూడండి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. కృత్రిమ మేధ అంత దూరం ప్రయాణం చేసి మా తాతగారి అరుగు మీదికే వచ్చి కూర్చుంది.

నవ్వడం తేలికే. దిగుబడి 30 శాతం దాకా పెరిగిందని ఆ సంస్థలు చెప్పుకున్నాయి, కాదనడానికి నేనెవర్ని? కార్తెలూ గాడి తప్పాయి. మృగశిరని నమ్మి విత్తి, మొలక మాడితే మళ్లీ విత్తనాలు కొన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కాబట్టి తేదీ చెప్పడంతో నాకు పేచీ లేదు. మెట్ట వేరుశనగకు వాన తేదీ చాలు. కాలవ కింద మిరపకి?

2023 చూడండి. వానల్లేవు, నాగార్జున సాగర్లో నీళ్లూ లేవు. కుడి కాలవ ఎప్పుడు వదులుతారో ఏ ఉపగ్రహం చెప్పగలదు? నవంబరు 29 అర్ధరాత్రి ఆంధ్రా పోలీసులు డ్యాం మీదికెళ్లి, 26 గేట్లలో 13 మావంటూ ముళ్లకంచె వేశారు. తెల్లారితే తెలంగాణలో పోలింగు. ఆ రోజే కుడి కాలవకి నీళ్లొచ్చాయి, అవీ తాగడానికన్నారు. కోడిపందెం మీద యుద్ధం చేసిన పల్నాటి సీమ కదా, మాకు వింతగా ఏమీ అనిపించలేదు. వారం తిరక్కుండా, డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్లు లేక వాడిన పైరు నీళ్లలో నానింది. తుఫాను కబురు మాత్రం ఫోన్లో వేళకే వచ్చింది, అబద్ధమెందుకు. కోసిన పంటను సురక్షిత ప్రాంతానికి తరలించమన్నారు. ఆ సురక్షిత ప్రాంతం ఏ సర్వే నంబరులో ఉందో రాయడం మరిచారు.

పురుగు సంగతీ అంతే. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో దిగి గుంటూరు, పల్నాడు చేలని ఊడ్చేసింది. ఇప్పుడు ఆకు ఫొటో తీసి పంపితే జబ్బు పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. పై ముడతో కింది ముడతో ముప్పై ఏళ్లు మిరప వేసిన మనిషికి ఫోను చెప్పాలా? సరే, చెప్పింది. నీలం జిగురు అట్టలు కట్టమంది, వేపనూనె కొట్టమంది. మంచి సలహా. దాన్ని పట్టుకుని బాబాయి షాపుకెళ్లాడు. షాపాయన ఫోను వైపు కూడా చూడలేదు. "అవన్నీ ఎందుకు మావా, ఈ మూడు డబ్బాలు కలిపి కొట్టు, డబ్బులు కోతలయ్యాక చూద్దాం" అన్నాడు. బాబాయి మూడు డబ్బాలూ సంచిలో వేసుకున్నాడు. సలహా ఫోన్లోనే ఉండిపోయింది.

ఇది తెలివితక్కువతనం అనుకునేవాళ్లు సదస్సుల్లో చాలామంది ఉంటారు. యాప్ ఇచ్చేది సలహా, షాపు ఇచ్చేది అప్పు. ఏ చేను ఎవరి మాట వింటుందో తెలుసుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు.

ఖమ్మం మిరప రైతుల మీద చేసిన 'సాగు బాగు' డిజిటల్ ప్రయోగం సంగతి నాకూ తెలుసు. 7,000 మందితో చేశారు. దిగుబడి 21 శాతం పెరిగింది, పురుగుమందు 9 శాతం తగ్గింది, ధర 8 శాతం మెరుగైంది అని ప్రపంచ ఆర్థిక వేదిక గొప్పగా రాసుకుంది. నమ్ముతాను. కానీ 2025 ఫిబ్రవరికల్లా గుంటూరు యార్డులో మిరప ధర ఎంత దిగజారిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. ఆ 8 శాతాన్ని ఏ టిక్కీ బస్తాలో కుక్కాలో చెప్పే యాప్ ఎవరైనా చేస్తే నేనే మొదటి చందాదారుణ్ణి.

ఇక కౌలుదారు. ఈ-క్రాప్ పంట నమోదులో పేరెక్కాలన్నా, పరిహారం రావాలన్నా సాగు హక్కు కార్డు అడుగుతారు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి, దాని ఆయుష్షు 11 నెలలు. యజమాని డాలస్‌లో ఉంటాడు, సంతకమంటే భూమి పోతుందని భయపడతాడు. ఉపగ్రహం చేను మీది మిరపమొక్కని లెక్కపెడుతుంది, దానికి నీళ్లు కట్టిన మనిషిని మాత్రం పోల్చుకోలేదు.

మొన్న మార్చిలో ఊరెళ్లాను. కళ్లంలో కాయ ఎర్రగా పరుచుకుని ఉంది. సాయంత్రానికి పడమట మబ్బు లేచింది, గాలి తిరిగింది. తడిస్తే తాలుకాయ లెక్కన పోవాల్సిందే. నేను గబగబా ఫోను తీశాను. బాబాయి తనది అప్పటికే చూశాడు.

"బెజవాడలో ఎండ కాస్తా ఉందంటబ్బాయ్" అని ఫోను జేబులో పెట్టుకుని, మడత పెట్టిన పట్టా కొస నా చేతిలో పెట్టి, "ఇదిగో, ఇది పట్టుకుని ఆ చివరికి పరిగెత్తు" అన్నాడు.