పేపరు వేశారా సారూ?

ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట వినబడితే ఈనాడో సాక్షో అనుకునేరు. కాదు. ఆ పేపరు వేసే కుర్రాడికి ఎంతో కొంత పరువుంది. తెల్లారుజామునే లేస్తాడు. వాన పడుతుంటే కవర్లో చుట్టి మరీ విసురుతాడు. అతను వేసిన పేపర్ని ఇంట్లో ఒక్కరైనా చదువుతారు. మన ప్రొఫెసర్‌గారు వేసిన పేపరో? వేసినాయన కూడా చదవడు. రాసింది ఆయనైతే కదా, చదవడానికి!

ఓ జర్నల్ తెరుద్దాం. పేరు బారెడు. ‘ఇంటర్నేషనల్’ అని బయల్దేరి సైన్స్, ఇంజినీరింగ్, టెక్నాలజీ, మేనేజ్‌మెంట్ స్టేషన్లన్నిట్లో ఆగి ‘రీసెర్చ్’ దగ్గర దిగుతుంది. లోపల ఒకే సంచికలో ఫ్లైయాష్ ఇటుకలు, వేపాకు కషాయం, సోలార్ పంపు, బ్యాంకు ఉద్యోగినుల మానసిక ఒత్తిడి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని పట్టేసే డీప్ లెర్నింగ్. దీనికంటే మంగళవారం సంత నయం. సంతలో వంకాయలమ్మేవాడు ఎడ్ల పళ్లు పట్టి చూడడు. ఇక్కడ ఒకాయనే అన్నిటికీ ఎడిటర్. సోమవారం పంపితే బుధవారానికల్లా ‘యాక్సెప్టెడ్’. డబ్బు కట్టాల్సిన ఖాతా వివరాలూ అదే మెయిల్లో. పేపరునిండా తప్పులున్నా ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో మాత్రం ఒక్క అక్షరం తప్పుపోదు. ప్రూఫులు దిద్దేది అక్కడే.

ఇలాంటి పరిశోధనకో ముద్దుపేరుంది. అప్లైడ్ రీసెర్చ్. పొలానికో ఫ్యాక్టరీకో ఆస్పత్రికో పనికొచ్చేదని అనుకున్నారా? మీ అమాయకత్వానికో దండం. ప్రమోషన్‌కి అప్లై చేసుకునేటప్పుడు ఫైల్లో పెట్టేది. అందుకే అప్లైడ్.

ఇదంతా గిట్టనివాళ్ల ఏడుపంటారా? 2013లో జాన్ బోహానన్ అనే విలేకరి ‘సైన్స్’ పత్రిక కోసం ఒక దొంగ పేపరు తయారుచేశాడు. ఇంటర్ పిల్లాడైనా పట్టుకోగల తప్పులు కావాలనే పెట్టాడు. లేని శాస్త్రవేత్తలు, లేని సంస్థల పేర్లతో 304 జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు ‘అద్భుతః’ అన్నాయి. అతను పంపినవాటిలో దాదాపు మూడో వంతు మన దేశంలోవే. మనవాటిలో ఒప్పేసుకున్నవి 64, వద్దన్నవి 15. ఈ రంగంలో హైదరాబాద్ వాటా తక్కువేం కాదు. ఇక్కడి ఓమిక్స్ సంస్థపై పరిశోధకుల్ని మోసం చేస్తోందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. బిర్యానీ, ముత్యాలే కాదు, ఇందులోనూ మనకు అంతర్జాతీయ ఖ్యాతి ఉందన్నమాట.

పేపరు ఎలా వండుతారో చూడండి. ఎవరిదో ఒకటి తెస్తారు. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌కి చిక్కకుండా, మాటలు మార్చే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో పోస్తారు. పిండిమరలో పోసినట్టే. అది ప్రతి మాటకీ ఓ పర్యాయపదం తగిలించుకుంటూ పోతుంది. ఇలాంటివాటిని ఏరిపెట్టిన గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే పరిశోధకులు 2021లో వాటికి ‘టార్చర్డ్ ఫ్రేజెస్’ అని పేరుపెట్టారు. థర్డ్ డిగ్రీ తిన్న మాటలన్నమాట. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అక్కడ ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది. దొంగ స్పృహ! ‘బ్రెస్ట్ క్యాన్సర్’ వెళ్లి ‘బుజమ్ పెరిల్’ అయింది. మన భుజం కాదు, రొమ్ము గండం. ‘సిగ్నల్ టు నాయిస్’ కాస్తా ‘ఫ్లాగ్ టు కమోషన్’. జెండాకీ గోలకీ ఉన్న నిష్పత్తి. ఎన్నికల సభని కొలవడానికైతే భేషుగ్గా ఉంటుంది. ఇంజినీరింగ్‌లో దాన్నేం చేసుకోవాలి? ఎడిటర్ చదవలేదా? రివ్యూయర్ చదవలేదా? ఆథర్ల వరుసలో ఉన్న ఆరుగురిలో ఒక్కడూ చదవలేదా? ఆ వరుసలో సీట్లు కూడా అమ్మకానికే ఉంటాయి లెండి. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో రేటు కార్డు పెడతారు. మొదటి పేరుకి ఒక ధర, నాలుగో పేరుకి ఇంకో ధర. కిటికీ పక్క సీటుకి ఎప్పుడూ గిరాకీయే.

పాపం ఆ లెక్చరర్నే తిట్టుకుందామా? కాసేపు ఆగండి. ఆయన ఒరిజినల్ సర్టిఫికెట్లు చైర్మన్‌గారి బీరువాలో ఉంటాయి. జీతం మూడో నెలకో నాలుగో నెలకో వస్తుంది. అడిగితే ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు’ అంటారు. ఎండాకాలం ఊరూరా తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి. ఇన్ని చేశాక ‘ఈ ఏడాది రెండు స్కోపస్ పేపర్లు లేకపోతే ఇంక్రిమెంట్ కట్’ అని సర్క్యులర్. ల్యాబ్ ఉందా? ఉంది. తాళం వేసి ఉంది. ఇన్‌స్పెక్షన్‌కి తీస్తారు, బూజు దులుపుతారు, పూలకుండీ పెడతారు, మళ్లీ వేస్తారు. ల్యాబ్ తెరవకుండా పరిశోధన చేయమంటే మనిషి ఏంచేస్తాడు? కొనుక్కుంటాడు. జీతం రాని ఉద్యోగి జేబులోంచి జర్నల్‌కి ఫీజు, ఆ పేపరుతో కాలేజీకి ర్యాంకు, ఆ ర్యాంకుతో చైర్మన్‌గారికి ఇంకో బ్లాకు. ఈ గొలుసులో సైన్స్ ఎక్కడుందో చూపించినవాళ్లకి పీహెచ్‌డీ ఇవ్వొచ్చు.

పిల్లలు చూస్తూ ఊరుకుంటారా? మా మేనల్లుడు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం అమీర్‌పేటలో ప్రాజెక్టులమ్మే దుకాణానికి వెళ్లొచ్చాడు.

“మామయ్యా, బేస్ పేపర్ వాళ్లే ఇస్తారు. కోడ్ వాళ్లదే. డాక్యుమెంటేషన్ వాళ్లదే. వైవాలో ఏమడుగుతారో కూడా వాళ్లే చెప్పేస్తారు.”

“మరి నువ్వేం చేస్తావురా?”

“బైండింగ్!”

వాడి బ్యాచ్‌లో నలుగురు. బైండింగ్ పనిలోనైనా నలుగురికీ చెయ్యి ఉందో లేదో నేనడగలేదు.

పేటెంట్ల ముచ్చట ఇంకా రంజు. గేటు దగ్గర ఫ్లెక్సీ: ‘మా కాలేజీకి 40 పేటెంట్లు!’ కింద చిన్న అక్షరాల్లో ‘పబ్లిష్డ్’ అని ఉంటుంది. దరఖాస్తు చేసిన 18 నెలలకి ఎవరిదైనా పబ్లిష్ అవుతుంది. తొందరుంటే ఫారం 9 పెట్టి ముందే చేయించుకోవచ్చు. ‘పబ్లిష్డ్’ అంటే దరఖాస్తు అందిందన్న రసీదు. పరీక్షించి మంజూరు చేస్తేనే పేటెంటు. పెళ్లిచూపులకి వెళ్లొచ్చి బారసాల భోజనాలు పెట్టినట్టుంది ఈ సంబరం. విద్యాసంస్థలకి పేటెంటు ఫీజు 80 శాతం తగ్గించింది కూడా ప్రభుత్వమే, 2021లో. మంచి ఉద్దేశమే. మనవాళ్లు దాన్ని ఆషాఢం సేల్ అనుకున్నారు.

ఇక కాపలా కాయాల్సిన దొరల సంగతి. 2010లో యూజీసీ పేపరుకిన్ని పాయింట్లని లెక్క పెట్టింది. పాయింటు పెట్టగానే దుకాణం పుట్టింది. 2017లో ‘ఆమోదించిన జర్నళ్ల’ జాబితా ఇచ్చింది. 2018 మేలో అందులోంచి 4,305 పేర్లు కొట్టేసింది. ఎక్కించిందెవరు? మనకెందుకులెండి. తర్వాత ‘కేర్’ అని ఇంకో జాబితా. 2025లో దాన్నీ ఎత్తేసి, ఏది మంచి జర్నలో మీ కాలేజీలే తేల్చుకోండంది. కుక్కని తరిమేసి, దొంగొస్తే ఇంటివాళ్లే మొరగండని చెప్పినట్టు. ఇంటివాళ్లే దొంగలైతే? అదే 2025 ఫిబ్రవరిలో, గుంటూరు జిల్లాలోని ఓ విద్యాసంస్థకి మంచి గ్రేడ్ ఇవ్వడానికి లంచం పుచ్చుకున్నారన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందం సభ్యుల్ని సీబీఐ అరెస్టు చేసింది. నాణ్యత కొలవడానికి వచ్చినవాళ్లు తమ రేటు తాము కొలుచుకున్నారన్నది అభియోగం. ఇక దొంగ పేపర్లకి శిక్ష సంగతి. ప్రపంచవ్యాప్తంగా 2023లో జర్నళ్లు వెనక్కి తీసుకున్న పేపర్లు 10,000 దాటాయి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల్లో వాటికి మైనస్ మార్కులు వేయాలని మనవాళ్లకి 2025లో తోచింది. అదీ దొరికిపోతేనే.

ఢిల్లీ ఉపన్యాసాలు వినండి. ‘విశ్వగురు’, ‘ఆవిష్కరణల దేశం’. పరిశోధన పత్రాల లెక్కలో ప్రపంచంలో మూడో స్థానం మనదే, నిజం. ఖర్చో? దేశ స్థూల ఉత్పత్తి వంద రూపాయలనుకుంటే పరిశోధనకి పెట్టేది 64 పైసలు. దక్షిణ కొరియా నాలుగు రూపాయలకి పైనే పెడుతుంది. 64 పైసలతో మూడో స్థానం ఎలా వచ్చిందని ఒక్క మంత్రిగారికైనా అనుమానం రాలేదేం? 50,000 కోట్లతో పరిశోధన ఫౌండేషన్ అని 2023లో చట్టం చేశారు. అందులో 36,000 కోట్లు ప్రైవేటు వర్గాల నుంచి వస్తాయట. పక్కింటివాడి పర్సు చూసుకుని పెళ్లి ముహూర్తం పెట్టుకోవడం. మరుసటి ఏడాది పరిశోధన గ్రాంట్లకి జీఎస్టీ కట్టమంటూ ఐఐటీ ఢిల్లీకే 120 కోట్ల నోటీసు. నలుగురూ నవ్వాక మినహాయించారు.

ఈ దేశంలో అప్లైడ్ సైన్స్ లేదా? ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి చీర నేతకి ముందు నూలుతో ఆసు పోసేది. ఒక్క చీరకి చెయ్యి అటూ ఇటూ దాదాపు 9,000 సార్లు తిప్పాలి. రాత్రయ్యేసరికి చెయ్యి ఎత్తలేకపోయేది. భుజం గండమంటే అది. ఆరో తరగతితో బడి ఆగిపోయిన కొడుకు ఏళ్ల తరబడి కిందామీదా పడి, అప్పులు చేసి, ఊళ్లో మాటలు పడి, 1999లో ఆసు పోసే మిషన్ నిలబెట్టాడు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన హెచ్-ఇండెక్స్ ఎంత? ఏ సంచిక, ఏ సంపుటం? మన కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి వెళితే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. నిమ్స్‌లో మూడు కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూసి, అగ్ని క్షిపణికి వాడిన పదార్థంతో 300 గ్రాములవి చేయించిన అబ్దుల్ కలాం కూడా ఆ పిల్లల దగ్గర పబ్లికేషన్ ఫీజు తీసుకున్నట్టు ఎక్కడా లేదు.

ఎంసెట్ పేరు మారింది గానీ కౌన్సెలింగ్ మారలేదు. ఈసారీ మీరు పిల్లాణ్ణో పిల్లనో తీసుకుని ఆ కాలేజీల మెట్లన్నీ ఎక్కి దిగుతారు. చేతిలో రంగురంగుల బ్రోషర్ పెడతారు. పేపర్లు ఇన్ని, పేటెంట్లు ఇన్నని చెబుతారు. టీ ఇస్తారు, తాగండి. తాగాక లేచి, ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. వెతుక్కోవడానికి వెళ్లిన మనిషి పావుగంటలో తిరిగి రాకపోతే బస్టాండుకి నడవండి.