కన్నం లేని గోడ కట్టే విధానం

విశాఖలో కొండవాలున ఇల్లు కట్టుకున్నవారికి పెరడు ఉండదు, జారుడు ఉంటుంది. ఆ జారుడుని మెట్లుమెట్లుగా చదును చేసి, ముందు అడ్డుగోడ లేపి, వెనక మట్టి నింపితే కూరగాయల మడులు తయారు. ఎలా కట్టించాలో కింద చెబుతున్నాం. తు.చ. తప్పకుండా పాటిస్తే గోడ కార్తీకమాసం దాకా నిలుస్తుంది. ఆ తర్వాత మా పూచీ లేదు.

మొదటి సంగతి, లెక్కలు వేయకండి. వేస్తే భయమేస్తుంది. గోడ వెనక మీటరు ఎత్తున నీరు నిలిచిందంటే, ప్రతి మీటరు పొడవు గోడనీ సుమారు 500 కిలోల బరువుతో ముందుకు తోస్తుంది. ఎత్తు రెండు మీటర్లయితే తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలు. మట్టి తోపుడు దానికి అదనం. ఇదంతా తెలిస్తే రెండు మీటర్ల గోడ మానేసి, మధ్య తగినంత ఎడమిచ్చి మీటరు గోడలు రెండు కట్టాలనిపిస్తుంది. అనిపించనివ్వకండి. పొడుగ్గా నిలబడ్డ ఒంటిగోడకుండే దర్జా వాటికెక్కడిది?

పునాదిలో పోసిన డబ్బు చుట్టాలకి కనబడదు, కనుక అక్కడ పొదుపు చేయండి. రాతి కట్టుబడికి అడుగున ఎత్తులో సగమైనా వెడల్పుండాలనీ, గోడ ముఖం కొంచెం కొండవైపు వాలాలనీ మేస్త్రీ అంటాడు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చాలని చెప్పండి. కాంపౌండు గోడ నిలబడటం లేదా? దానికి రెండువైపులా గాలే కదా అని అతను గొణిగితే టీ తెప్పించండి.

అసలు పేచీ కన్నాల దగ్గర వస్తుంది. “ఐదారడుగులకొక పైపు ముక్క పెట్టాలండి, వెనక నీళ్లు బయటికి పోవాలి కదండీ” అంటాడు. “గోడ కట్టమన్నానా, జల్లెడ కట్టమన్నానా?” అనండి. నిజమే మరి, ఆ కన్నాల్లోంచి ఎర్రనీళ్లు కారి గోడ మీద చారలు పడతాయి, రంగు పాడవుతుంది. అయినా పట్టుపడితే పైపులు పెట్టనివ్వండి. అతను వెళ్లాక వాటి మూతుల మీద సిమెంటు పూసి, మీగడ రంగు వేయించండి. మేస్త్రీ మాటా దక్కింది, రంగూ దక్కింది.

గోడ వెనక అడుగు మందాన 20 ఎంఎం కంకర నింపాలనీ, మట్టి అందులో దూరకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ కట్టాలనీ, అడుగున చిల్లుల పైపు వేయాలనీ మరో ఖర్చు చూపిస్తారు. కంకర తెప్పించండి, కానీ గోడ వెనక పోయకండి. మడి అడుగున పరవండి. నీరు బాగా దిగుతుందని అందరూ నమ్మే చోటు అదే. పైనున్న మట్టి పూర్తిగా నానితే గానీ నీరు కంకరలోకి జారదు. ఆ తడి మట్టం అడుగునుంచి లేచి వేళ్ల దగ్గరికొస్తుంది. మొక్కకి అంత దగ్గరగా నీరు అందించడం మరోలా సాధ్యం కాదు.

మట్టి విషయంలో స్థానికమైన ఎర్రమట్టితో సరిపెట్టుకోకండి. బలమైనదని ఎవరో చెప్పిన నల్లరేగడి రెండు లారీలు దింపించండి. వానకి ఉబ్బి గోడని తోస్తుంది, ఎండకి ముడుచుకుని బీటలిస్తుంది, మళ్లీ వానకి ఆ బీటల్లోంచి నీరు నేరుగా గోడ వెనక్కి దిగుతుంది. ఇంత పని ఒంటిచేత్తో చేసే మట్టి ఇంకొకటి లేదు. డాబా మీది వాననీటి గొట్టం కూడా ఈ మడిలోకే వదిలి, ఇంకుడుగుంత అని పేరు పెట్టండి.

ముహూర్తం ముఖ్యం. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. కాబట్టి పని సెప్టెంబరు ఆఖర్లో మొదలుపెట్టండి. పొరపొరకీ మట్టిని దిమ్మిస కొట్టించే కూలి మిగులుతుంది, ఆ పని వానే చూసుకుంటుంది.

గోడ వారన బొప్పాయి నాటండి. మడిలో నీరు నిలిచిందని అందరికంటే ముందు చెప్పేది అదే. ఆకులు పసుపెక్కి వేలాడగానే దాహమేసిందనుకుని ఇంకో రెండు బకెట్లు పోయండి.

గోడ మధ్యలో పొట్ట వస్తే కంగారు వద్దు. బీటల్లో తెల్ల సిమెంటు కూరి, ఇంటి పేరు ఫలకం అక్కడ బిగించండి. కూలాక మట్టి ఎలాగూ కిందింటాయన పెరట్లోనే ఉంటుంది. వెళ్లి రాళ్లూ ఇటుకలూ లెక్కపెట్టి తెచ్చుకోండి. ఈలోగా ఆయన ఆ మట్టిలో తోటకూర జల్లుకుని ఉంటే, వారానికో కట్ట చొప్పున మీ వాటా అడగండి.