ఏటేటా కంప కొట్టించుకోవడం ఎలా?

ఉరవకొండలో ఇంటిజాగా కొని, పునాది కూడా తీయకుండా నాలుగు వానాకాలాలు వదిలేసినవారి కోసం ఈ మార్గదర్శి. జాగా ఐదు సెంట్లనుకుందాం, అంటే 242 గజాలు. మీరు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. ఒకరోజు పక్కింటాయన ఫోన్ చేస్తాడు. "అన్నా, మీ జాగాలో కంప మా గోడెక్కింది. నిన్న దాంట్లోంచి పాము కూడా వచ్చింది. ఏదో ఒకటి చెయ్యన్నా." ఇక్కడి నుంచి కింద చెప్పినట్టు తూచా తప్పకుండా నడుచుకుంటే ఈ ఖర్చు ఒక్కసారితో పోదు. ఇంటిపన్నుతో పాటు ఏటా వస్తూనే ఉంటుంది.

ముందు మంచి కాలం చూసుకోవాలి. నాలుగు వానలు పడి నేల మెత్తబడ్డాక పని మొదలుపెట్టేవాళ్ళున్నారు. అప్పుడు గడ్డపార సులువుగా దిగుతుంది, చిన్న మొలకలు చేత్తో లాగినా వేరుతో సహా ఊడొస్తాయి, పని తొందరగా తెమిలిపోతుంది. అట్లాంటివాళ్ళకు ఈ వ్యాసంతో పనిలేదు. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. నేల మెత్తగా ఉండే రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు కాబట్టి వాటిని తప్పించుకోవడం పెద్ద కష్టం కాదు. ఏప్రిల్, మే శ్రేష్ఠం. గడ్డపార ఖంగుమని ఎగిరి వెనక్కొస్తుంది. కూలీ పదకొండు కాకముందే నీడ వెతుక్కుంటాడు. జాగాలో నీడనిచ్చేది కంపచెట్టొక్కటే గనుక దాన్ని ఆఖరిదాకా కొట్టడు.

తర్వాత మేస్త్రిని పిలవండి. వస్తాడు, జాగా చుట్టూ ఒకసారి తిరుగుతాడు. లుంగీ అంచు ముల్లుకు తగులుకుంటే వంగి మెల్లగా విడిపించుకుంటూనే అడుగుతాడు: "పైన కొట్టేది ఒక రేటు సార్, ఏర్లు తవ్వేది ఒక రేటు. ఏది చేయాల?" రెండో రేటు మొదటిదానికి రెట్టింపు, కొన్నిచోట్ల ఇంకా పైనే. మీరు క్షణం కూడా ఆలోచించకూడదు. "పైపైన కొట్టెయ్‌ప్పా, చాలు" అనేయాలి. ఈ మార్గదర్శిలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క వాక్యం గుర్తుంటే మీ ఖర్చుకు ఢోకా లేదు.

ఎందుకంటే, ఈ కంపకు, అంటే సర్కారు తుమ్మకు, మళ్ళీ చిగురించే మొగ్గలుండేది మొదట్లో, నేలకు కొంచెం కింద. జానెడో, ఇంకో నాలుగు వేళ్ళో లోతుకు తవ్వి ఆ దుంప కింద నరికితే చెట్టు తిరిగి లేవదు. నేలకు సమానంగా నరికితే ఒక్క మాను ఉన్నచోట గుత్తంగా పదీ పన్నెండు కొమ్మలు పైకొస్తాయి, అన్నీ లేత ముళ్ళతో. వాటికి నీళ్ళు పోయక్కర్లేదు. అరిజోనాలో ఒక గని తవ్వుతుంటే దీని దాయాది చెట్టు వేరు 53 మీటర్ల లోతున బయటపడింది, అంటే 170 అడుగులు పైనే. మన బోర్లు ఆ లోతును ఎప్పుడో దాటిపోయాయి, అది వేరే కథ. పైన ఉన్నది పోయినా కింద అంత సంసారం ఉన్న చెట్టుకు మీరు కొట్టించింది ఒక క్షవరం. మీరు డబ్బు పెట్టేది కనిపించే చెట్టుకు, చెట్టు బతికేది కనిపించని ఆ జానెడులో. ఆ జానెడు దగ్గరే పొదుపు చేయాలి. ఇంకెక్కడ చేసినా లాభం లేదు.

ఖర్చే లేకుండా కొట్టించుకునే దారి కూడా ఒకటుంది. బొగ్గు కాల్చేవాళ్ళు ఊరికే కొట్టుకుపోతామంటారు. ఈ చెట్టు బొగ్గుకు మంచి గిరాకీ, బట్టీ పెట్టడం తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల కావలసినంతమంది. కరువు ఏడాదుల్లో వేరుశనగ చేతికి రాకపోయినా ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది దీనివల్లనే, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే వాళ్ళకు కావాల్సింది మణికట్టు లావు కట్టె. పుల్లలూ ముళ్ళూ మీకే వదిలేస్తారు, మొద్దును ప్రాణంలా కాపాడతారు. మూడు నాలుగేళ్ళకు మళ్ళీ వస్తారు. చేను మీది, పంట వాళ్ళది. కౌలు మాత్రం అడగకండి.

కొట్టిన కంపను ఏం చేయాలన్నది తర్వాతి మెట్టు. పంగలకర్రతో నెట్టి ఒక మూలకు చేర్చి, ఎండాక తగలబెట్టొచ్చు. కానీ జాగా చుట్టూ కంచెగా వేయడమే మన సంప్రదాయం. కాయలతో సహా వేయండి. ఆ తీపి కాయల కోసం ఊళ్ళో మేకలన్నీ వస్తాయి. ఆకు మాత్రం ముట్టవు, కాయ వదలవు. ఒక్కో కాయలో పది ఇరవై గింజలు, గింజ పెంకు గట్టిది. మేక కడుపులో పడి అది కాస్త మెత్తబడి, పెంటికలతో పాటు ఎరువు కూడా తోడై మీ జాగాలోకే దిగుతుంది. విత్తనం, శుద్ధి, ఎరువు అన్నీ ఉచితమైన వ్యవసాయం ఈ జిల్లాలో ఇదొక్కటే.

మొద్దు మీద ఉప్పు పోయమని ఎవరో ఒకరు చెప్తారు. తప్పకుండా పోయండి, బస్తా పోయండి. ఈ చెట్టు చౌడునేలల్లో కూడా నిక్షేపంగా పెరిగే రకం. రేపు మీరు నాటబోయే మామిడి మాత్రం కాదు. కాబట్టి ఆ ఉప్పు మీ తోటను ముందే నివారిస్తుంది.

ఇక జేసీబీ. గంటకు వెయ్యి దాటి పదిహేను వందల దాకా, డీజిలును బట్టి చెప్తారు. బండి వచ్చినప్పటి నుంచి కాదు, షెడ్డులో బయల్దేరినప్పటి నుంచి మీటరు. నిజానికి వేరుతో సహా ఎత్తిపారేయగల యంత్రం అది. అందుకే ఆపరేటరు దగ్గర మీరు నిలబడకూడదు. నిలబడితే "ఇక్కడింకా కొంచెం లోతుకు" అని చెప్పాలనిపిస్తుంది. టీ తాగి వచ్చేలోపల అతను పైమట్టి గీకి, మొద్దులు విరిచి, మొత్తం ఎదుటివాళ్ళ హద్దు మీదికి నెట్టి ఉంటాడు. జాగా అద్దంలా ఉంటుంది. విరిగిన వేళ్ళు మట్టికింద హాయిగా ఉంటాయి. పంక్చరైన టైరు ఖర్చు, ఎదుటివాళ్ళతో తగువు బిల్లులో విడిగా వేసుకోండి.

గుంటలు పడ్డాయి కదా, పూడ్చాలి. ట్రాక్టరుతో చెరువుమట్టి తోలించండి. ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు. ఈ చుట్టుపక్కల ఎండిన చెరువులు చూశారుగా, కట్ట మీద నుంచి చూస్తే నీళ్ళున్నంత పచ్చగా ఉంటాయి, దగ్గరికి పోతే అంతా కంపే. ఆ మట్టిలో ఏళ్ళ తరబడి రాలిన గింజలు వాన కోసం కాచుకుని ఉంటాయి. ట్రిప్పుకు ఇంతని డబ్బిచ్చి వాటిని ఇంటికి తెచ్చుకుంటున్నారన్నమాట. తొలివానకు మీ జాగా నారుమడి. ఆ వారంలో ఒక పిల్లవాడు కూడా పీకేయగలడు, అందుకని ఆ వారం ఊరికి రాకండి.

ఈ బిల్లు ఎవరికి పంపాలని కొందరు అడుగుతారు. న్యాయంగా అయితే మద్రాసు ప్రెసిడెన్సీకి. 1876లో కరువు మొదలైంది, బళ్ళారి సీమ దాని కింద నలిగిపోయింది. అనంతపురం అప్పటికింకా బళ్ళారిలో భాగమే, విడి జిల్లా 1882లో అయింది. వంటచెరకు కావాలని అడవుల అధికారి బెడ్డోం అడిగితే 1877లో జమైకా నుంచి గింజలొచ్చాయి. నాటింది ఎక్కడో కాదు, మన పక్కనే, కడప జిల్లా కమలాపురంలో. 1940లో మార్వాడ్ సంస్థానమైతే దీనికి రాజవృక్షమని బిరుదు కూడా ఇచ్చింది. మన ఊళ్ళవాళ్ళు మాత్రం సర్కారు తుమ్మ అని, తెచ్చినవాళ్ళ పేరే పెట్టి ఊరుకున్నారు. ఆ ప్రెసిడెన్సీ ఇప్పుడు లేదు గనుక ఉత్తరం తిరిగొస్తుంది.

కోర్టుకు పోదామా అంటే, పోయినవాళ్ళున్నారు. కెన్యాలో బరింగో కాపరులు ఈ చెట్టును తెచ్చినందుకు ప్రభుత్వం మీద కేసు వేసి, కాయలు తినీ తినీ పళ్ళూడిపోయిన మేకను సాక్ష్యంగా కోర్టుకు పట్టుకొచ్చారు. తమిళనాడులో మదురై బెంచి దీన్ని పీకించమని 2017లో గట్టిగా ఆదేశాలిచ్చింది. యంత్రాలు దిగాయి, కొన్ని నెలలకే అదే హైకోర్టు ప్రస్తుతానికి ఆపమంది. 2022లో శాస్త్రవేత్తలు దీన్ని ప్రొసోపిస్ నుంచి తీసి నెల్టుమా అనే ప్రజాతి కింద పెట్టారు. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

లెక్క రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టుకోండి. మొదటి ఏడు కూలీ, రెండో ఏడు కూలీ, మూడో ఏడు జేసీబీ, మట్టి, నాలుగో ఏడు మళ్ళీ కూలీ. మొత్తం కూడితే మొదటిరోజు మేస్త్రి చెప్పిన రెండో రేటు ఎప్పుడో దాటి ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా ఆ రోజు "తవ్వించేద్దాం లెండి" అన్న మీ ఆవిడకు.

విసుగొచ్చి జాగా అమ్మేద్దామనుకుంటే ఫోటో జేసీబీ వెళ్ళిన మర్నాడే తీయాలి, పొద్దున్నే, ఉరవకొండ కొండ వెనక కనిపించేటట్టు. కింద "క్లీన్ సైట్" అని రాయండి. కొనేవాళ్ళు దూరంలో ఉన్నవాళ్ళయితే మేలు, వానల ముందే అడ్వాన్సు తీసుకోండి. రిజిస్ట్రేషను రోజున మేస్త్రి నంబరు కూడా వాళ్ళకిచ్చేయండి, అతనికి జాగా బాగా తెలుసు.